సభలోని మాటకు వెలుపల రక్ష: ఫిరోజు గాంధీగారి 1956 నాటి శాసనము

మన మహాసభకు రాజాలని సోదరులు ఏటేట ఈ సంచికను జదివియే సభలో నేమి జరిగినదో తెలిసికొనుచున్నారు. ఒక సంఘపు సంగతియే యిట్లుండగా, దేశమునకంతకును జెందిన పార్లమెంటు సంగతి వేఱుగ జెప్పనేల? లోకసభ గ్యాలరీలో గూర్చుండి చర్చలను స్వయముగ వినగల భాగ్యము కొన్ని వందలమందిది. తక్కిన కోట్ల ప్రజలకు పత్రికయే చెవి, రేడియోయే చెవి. లోపలి సభ్యుడు నిర్భయముగ మాటాడవచ్చును. కాని యా మాటను వెలుపలికి దెచ్చువాడు భయపడవలసి యున్నచో, ఆ నిర్భయత యెవ్వరికి ఫలించును? ఈ చిక్కును గుర్తించి, 1956లో దానికి విరుగుడుగా నొక చిన్న శాసనమును సాధించిన సభ్యుడు ఫిరోజు గాంధీగారు. ఆయన మన ప్రాంతమువాడు గాడు; పార్సీ కుటుంబమున 1912లో బొంబాయిలో జన్మించి అలహాబాదులో బెరిగినవాడు. ఆయన చేసిన మేలు మాత్రము తెలుగు పత్రికను జదువు ప్రతివానికిని ముట్టినది. కావున నీ యేడు ఆయన కథను వ్రాయ సంకల్పించితిమి.

ముందుగా చిక్కేమో చెప్పవలెను. రాజ్యాంగమునందలి 105వ అధికరణము పార్లమెంటు సభ్యునకు సభలో వాక్స్వాతంత్ర్యము నొసగినది. సభలో నాడిన మాటకై యాతనిపై ఏ న్యాయస్థానమునను అభియోగము చెల్లదు. సభాధికారముతో బ్రకటింపబడు నివేదికలకును రక్షణ కలదు. కాని మఱునాటి యుదయము అదే మాటను అచ్చువేసిన పత్రికాధిపతి మాటేమి? ఆతడు సభాధికారముతో నచ్చువేయలేదు గదా! నాటి భారత శిక్షాస్మృతిలో పరువునష్టమును గూర్చిన 499వ సెక్షనుకు గల మినహాయింపులలో నాల్గవది, న్యాయస్థానములలో జరిగిన వ్యవహారముల యథార్థ నివేదికలకు రక్షణ నిచ్చుచుండెను. శాసనసభల ప్రసక్తి యందు లేదు. వ్యాకరణములో మినహాయింపును అపవాదమందురు. లోకములో లేనిపోని నిందను అపవాదమందురు. ఆ మొదటి యపవాదము లేకపోవుటచేతనే పత్రికలవారు ఈ రెండవ యపవాదమునకు బాధ్యులగుచుండిరి. పశ్చిమ బెంగాలు శాసనసభలోని ప్రసంగమును బ్రకటించిన వ్యవహారమొకటి కలకత్తా హైకోర్టునకు బోగా, సభ్యునకు గల రక్షణ పత్రికా ప్రకటనకు వర్తింపదని యా న్యాయస్థానము తీర్పుచెప్పెను. ఆ తీర్పు 1951 నాటి న్యాయనివేదికలలో జేరినది. ఇంగ్లండులో నైతే 1868లోనే న్యాయస్థానము పార్లమెంటు చర్చల యథార్థ నివేదికకు రక్షణ గలదని నిర్ణయించి యుండెను. మన దేశములో మాత్రము శిక్షాస్మృతి యక్షరమే ప్రమాణమయ్యెను.

ఫిరోజు గాంధీగారికి పత్రికల లోగుట్టు తెలియును. లక్నోలో నేషనల్ హెరాల్డు పత్రిక నిర్వహణభారమును వహించినవాడు. జవహర్‌లాల్ నెహ్రూగారి యల్లుడు. పాలకపక్షమగు కాంగ్రెసు సభ్యుడు. ఈ రెండు సంబంధములును ఆయన నోటిని గట్టలేదు. 1955 డిసెంబరులో లోకసభలో భీమా కంపెనీల వ్యవహారమును విప్పుచు, రామకృష్ణ దాల్మియా యను గొప్ప వర్తకుని చేతిలోని భారత్ ఇన్సూరెన్సు కంపెనీ ధనము ఎట్టెట్టి దారుల బట్టినదో లెక్కలతో జెప్పెను. ఈ దాల్మియాగారు గొప్ప పత్రికాసంస్థను గూడ గొన్నవారని పాఠకులు గమనింతురు గాక. 1956 జనవరిలో ప్రభుత్వము జీవితభీమాను జాతీయము చేసెను. ఆ ప్రసంగమువంటి ప్రసంగములలో ధనికుల పేర్లు, కంపెనీల పేర్లు, సొమ్ము మొత్తములు ఉండును. సభ్యునకు భయములేదు. పేరు తీసివేసి యచ్చువేసినచో వార్త చప్పనగును. పేరు పెట్టి యచ్చువేసినచో కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. ఇది సంపాదకుని సంకటము.

ఈ సంకటమును దీర్చుటకు ఫిరోజు గాంధీగారు ప్రభుత్వమును వేడుకొనుచు గూర్చుండలేదు. తానే బిల్లును దెచ్చెను. మంత్రికాని సభ్యుడు ప్రతిపాదించిన బిల్లు శాసనమగుట మన పార్లమెంటులో మిక్కిలి యరుదు. తొలి రెండు దశాబ్దములలో నట్టివి పదునాలుగే నెగ్గినవి, 1970 తరువాత నొకటియు నుభయసభలలో నెగ్గలేదు. ఆ పదునాలుగింటిలో నీ బిల్లొకటి. 1956 మే 26న నిది శాసనమయ్యెను. కొలది సెక్షనుల శాసనమే. పార్లమెంటు ఉభయసభలలో దేనియందైనను జరిగిన చర్చను ముఖ్యాంశములలో యథార్థముగ బ్రకటించిన పత్రికపై, దురుద్దేశము రుజువైననే తప్ప, సివిలు గాని క్రిమినలు గాని యే చర్యయు చెల్లదని యందు గలదు. ప్రజాహితము గాని విషయమునకు మాత్రము రక్షణ లేదు. పత్రిక యన్నచో వార్తాసంస్థయు నందు జేరును.

మీమాంసకులు విధియనియు, అనువాదమనియు వాక్యములను విభజింతురు. క్రొత్తగ నొక దానిని శాసించునది విధి. మఱియొకచో జెప్పబడిన దానినే మరల జెప్పునది అనువాదము. విలేఖరి చేయునది అనువాదమే. మూలవాక్యమున దోషమున్నచో దాని భారము మూలవక్తది గాని యనువాదకునిది గాదు. కాని యాతడు మాటను మార్చినను, కక్షతో గత్తిరించినను దోషము వానిదగును. ఫిరోజు గాంధీగారు మీమాంస జదివిరని మేమనము. ఆయన బిల్లులోని ‘యథార్థము’, ‘దురుద్దేశము’ అను రెండు పదములును సరిగా నా విభాగమునే చేయుచున్నవి.

మా దృష్టిలో నీ శాసనమునకు మకుటము నాల్గవ సెక్షను. పత్రికకు వర్తించిన రక్షణయే, ప్రసారకేంద్రపు కార్యక్రమములో భాగముగ నిస్తంత్రీమార్గమున బ్రసారము చేసిన నివేదికకును వర్తించునని యది చెప్పెను. 1956లో మన దేశమున ప్రసారకేంద్రములన్నచో ఆకాశవాణియే, అది ప్రభుత్వశాఖ. అక్షరము రానివానికి పత్రిక పనికిరాదు. వానికి రేడియోయే దిక్కు. ప్రభుత్వపు రేడియో పార్లమెంటులో ప్రభుత్వముపై వచ్చిన విమర్శను యథార్థముగ వినిపించినచో దానికి న్యాయభయము లేకుండ జేసినారు. వినిపించునా లేదా యన్నది వేఱు మాట. శాసనము జంకును దీర్చగలదు. ఇచ్ఛను బుట్టింపజాలదు గదా.

మఱుసటి యేడే శాసనమునకు బరీక్ష వచ్చెను. 1957 డిసెంబరు 16న ఫిరోజు గాంధీగారు, క్రొత్తగ నేర్పడిన జీవితభీమా కార్పొరేషను హరిదాసు ముంద్రాగారి కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 25 లక్షల రూపాయలకు గొన్న వ్యవహారమును సభలో బయటబెట్టెను. పాలకపక్షసభ్యుడే పాలకులను బ్రశ్నించెను. పత్రికలు పేర్లతోడను, అంకెలతోడను బ్రకటించెను. న్యాయమూర్తి ఎం. సి. చాగ్లాగారి విచారణసంఘము బహిరంగముగ విచారించెను. 1958 ఫిబ్రవరిలో అర్థమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు రాజీనామా చేసిరి. సభలోని మాట సభలోనే యణగిపోయి యుండినచో నిది యింత వేగముగ నడచియుండునా?

ఫిరోజు గాంధీగారు 1960 సెప్టెంబరు 8న, నలువదియెనిమిదవ జన్మదినమునకు నాలుగుదినములు ముందుగ గన్నుమూసిరి.

అటుపై కథ విచిత్రము. 1975 జూనులో అత్యవసరస్థితి ప్రకటింపబడెను. అప్పుడు మేము ఉన్నతపాఠశాల విద్యార్థులము. మా యూరి పంచాయతీ కార్యాలయపు టరుగుమీద రేడియో మ్రోగుచుండెను. మాకు సంస్కృతము చెప్పిన గురువుగారు పత్రికను మొదటినుండి చివరిదాక జదివి మడిచి, “పార్లమెంటు జరిగినదని యున్నదిరా, ఏమి జరిగినదో లేదు” అనిరి. ఆ మాట యర్థము మాకు బెక్కేండ్లకు గాని తెలియలేదు. పత్రికలపై ముందస్తు పరిశీలన విధింపబడి, ప్రతిపక్షసభ్యుల ప్రసంగములు ప్రకటనకు నోచుకొనలేదు. అదియు జాలదని 1975 డిసెంబరు 8న అత్యాదేశము ద్వారా ఫిరోజు గాంధీగారి శాసనమును రద్దుచేసిరి. 1976లో పార్లమెంటే యా రద్దును స్థిరపఱచెను. అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు, ఆయన సహధర్మచారిణి. దీనిపై వ్యాఖ్యానము మాకు రుచింపదు. పరిశీలకుడు కొట్టివేయుచునే యున్నప్పుడు శాసనమును గూడ రద్దుచేయుట యెందులకు? పరిశీలన తాత్కాలికము, రద్దు శాశ్వతము కావలెనని కాబోలునని మా యూహ.

1977లో జనతాప్రభుత్వము వచ్చి అదేపేరుతో, అదే రూపుతో శాసనమును మరల నిల్పెను. అంతటితో నూరకుండక, మఱియొక ప్రభుత్వము సామాన్యశాసనముతో దీనిని దుడిచివేయకుండుటకై 1978 నాటి 44వ సవరణద్వారా రాజ్యాంగముననే 361-ఏ అధికరణమును జేర్చిరి. అది 1979 జూను 20 నుండి యమలులోనికి వచ్చెను. రహస్యసమావేశముల నివేదికలకు మాత్రమది వర్తింపదు. ప్రసారములను జేర్చిన ఫిరోజు గాంధీగారి నాల్గవ సెక్షను భావము ఈ యధికరణములోని రెండవభాగముగ నిలిచినది.

తెలుగువారికి దీనివలన మఱియొక లాభము కలిగినది. 1956 శాసనము పార్లమెంటు ఉభయసభలకే పరిమితము. అదే సంవత్సరము నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదులో శాసనసభ కూడినను, అచ్చటి చర్చలను బ్రకటించు పత్రికలకు ఈ కేంద్రశాసనపు నీడ లభింపలేదు. 361-ఏ అధికరణము రాష్ట్ర శాసనసభలను, శాసనమండలులను గూడ జేర్చుకొన్నది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల చర్చలను ముద్రించు సంపాదకునకును, రేడియోలో జదువువారికిని గల రక్ష యిదియే. అందలి ‘యథార్థము’, ‘దురుద్దేశము’ అను షరతులు రెండును 1956 నాటి యా చిన్న బిల్లునుండి వచ్చినవే.