ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ప్రీ-సీజన్ కప్: లీగ్ పాయింట్లు లేని పోటీ, ఇరవై ఆరేళ్ల చరిత్ర

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ప్రధాన లీగ్ ప్రారంభానికి ముందు, ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగిన పోటీకి ప్రీ-సీజన్ కప్ అని పేరు. 1988 నుండి 2013 వరకు ఏటా ఒకసారి చొప్పున ఇది 26 సార్లు జరిగింది. గెలిచిన జట్టుకు కప్పు, నగదు బహుమతి లభించేవి. అయితే ఆ విజయానికి ప్రధాన లీగ్ పట్టికలో ఒక్క పాయింటు కూడా వచ్చేది కాదు. అందుచేత కొన్ని క్లబ్బులు దీనిని సన్నాహక ఆటగా భావించాయి. చాలాకాలంగా ఏ కప్పూ గెలవని మరికొన్ని క్లబ్బులకు మాత్రం ఇదే ఆశాకిరణమైంది. ఈ రెండు దృష్టుల మధ్య సంఘర్షణే ఈ పోటీ చరిత్ర. చివరకు ఇది ఆగిపోవడానికి కారణం కూడా అదే.

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంటివద్ద తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేల మంది. వారిలో అనేకులు మెల్‌బోర్న్ నగరంలో స్థిరపడ్డారు. అక్కడ 'ఫుటీ' అని ముద్దుగా పిలిచే ఈ ఆట పాఠశాలలో, కార్యాలయంలో, ఇరుగుపొరుగు సంభాషణలో ప్రతిదినం వినబడుతుంది. అండమాన్ నికోబార్ దీవులలో 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతం ప్రజల మాతృభాష తెలుగు. వేసవికాలంలో మెల్‌బోర్న్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఏడున్నరకు దీపాల వెలుగులో ఆట మొదలైతే, ఇక్కడ గోల్ ఘర్‌లో మధ్యాహ్నం రెండు గంటలవుతుంది.

ఆట స్వరూపం

ఇది మనకు పరిచయమైన సాకర్ కాదు, రగ్బీ కూడా కాదు. క్రికెట్ మైదానాన్ని పోలిన అండాకార స్థలంలో, అండాకారపు బంతితో, ఒక్కొక్క వైపు 18 మంది ఆటగాళ్లు మైదానంలో నిలిచి ఆడతారు. మైదానం పొడవు 135 నుండి 185 మీటర్లు, వెడల్పు 110 నుండి 155 మీటర్ల వరకు ఉండవచ్చు. బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి సహచరునికి అందించవచ్చు. విసరడం మాత్రం నిషిద్ధం. తన్నిన బంతిని గాలిలో ఒడిసి పట్టుకున్న ఆటగాడు నిలిచి, ఆటంకం లేకుండా తన్నే హక్కు పొందుతాడు.

మైదానం రెండు చివరలా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండు పొడవైన స్తంభాల మధ్యగా బంతిని తన్నితే గోల్, అంటే ఆరు పాయింట్లు. పక్క స్తంభాల మధ్యగా పోతే 'బిహైండ్', అంటే ఒక్క పాయింటు. ఆట నాలుగు క్వార్టర్లుగా సాగుతుంది. ప్రధాన లీగ్ మార్చిలో మొదలై సెప్టెంబరు చివరి వారాంతంలో మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో జరిగే గ్రాండ్ ఫైనల్‌తో ముగియడం ఆనవాయితీ. ఆ రోజు గెలిచిన జట్టుకే 'ప్రీమియర్‌షిప్' గౌరవం.

రాత్రి పోటీలే మూలం

ప్రీ-సీజన్ కప్ వేళ్లు 1956 వరకు పోతాయి. మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు ఆతిథ్యమిచ్చిన ఆ సంవత్సరమే విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ రాత్రివేళ దీపాల వెలుగులో ఒక పోటీని ప్రారంభించింది. ఆల్బర్ట్ పార్క్‌లోని లేక్ ఓవల్ మైదానం దానికి వేదిక. ప్రధాన లీగ్‌లో ఫైనల్స్‌కు అర్హత పొందని జట్లకు సీజన్ చివర మరికొంత ఆట కల్పించడం అప్పటి ఉద్దేశం. ఆ మైదానంలోనే ఆడే సౌత్ మెల్‌బోర్న్ జట్టు తొలి విజేతగా నిలిచింది. ఈ పోటీలు 1971 వరకు సాగి ఆగిపోయాయి.

1977లో లీగ్ రాత్రి పోటీలను తిరిగి చేపట్టింది. తరువాతి కాలంలో విక్టోరియా జట్లతోపాటు ఇతర రాష్ట్రాల జట్లు కూడా పాల్గొన్నాయి. ఆనాటి పోటీలలో నేటికీ చెప్పుకునేది 1980 ఫైనల్. నార్త్ మెల్‌బోర్న్, కాలింగ్‌వుడ్ జట్లు తలపడిన ఆ ఆటలో ముగింపు సైరన్ మోగినా అంపైర్లకు వినబడలేదు. ఆ తరువాత బంతిని అందుకున్న నార్త్ మెల్‌బోర్న్ ఆటగాడు కెర్రీ గుడ్ గోల్ సాధించగా, కప్పు ఆయన జట్టుకే దక్కింది. పాయింట్లు లేని పోటీ అయినంత మాత్రాన పరాజయం బాధించదనుకోవడం పొరపాటని కాలింగ్‌వుడ్ అభిమానులు ఆ రాత్రి తెలుసుకున్నారు.

సీజన్ నడుస్తుండగా వారం మధ్యలో మరొక పోటీ ఆడటం ఆటగాళ్లకు భారమైంది. 1988లో దీనిని లీగ్‌కు ముందుకు జరిపారు. అలా ప్రీ-సీజన్ కప్ అవతరించింది.

పేర్లు మారిన కప్పు

కప్పుకు స్థిరమైన పేరు లేదు. ప్రాయోజకుడు మారినప్పుడల్లా పేరూ మారింది. మొదట ఎలక్ట్రానిక్స్ సంస్థ పానాసోనిక్ పేరు, ఆ తరువాత 1994 వరకు బీరు తయారీ సంస్థ ఫోస్టర్స్ పేరు, 1995 నుండి 2001 వరకు విమానయాన సంస్థ ఆన్సెట్ పేరు దీనికి ఉండేవి. 2001 సెప్టెంబరులో ఆన్సెట్ సంస్థ కుప్పకూలింది. మరుసటి సంవత్సరం గృహరుణాల సంస్థ విజార్డ్ ఆ స్థానంలోకి వచ్చింది. 2006 నుండి చివరివరకు నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంక్ పేరుతో 'నాబ్ కప్'గా కొనసాగింది.

1992 నుండి ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికి మైకేల్ టక్ పతకం బహూకరించారు. హాథార్న్ క్లబ్ తరఫున 426 లీగ్ ఆటలాడి, ఏడు ప్రీమియర్‌షిప్‌లలో భాగస్వామి అయిన టక్ 1991లో ఆట నుండి విరమించారు. ఆయన ఆటల సంఖ్యను 2016లో బ్రెంట్ హార్వే దాటేవరకు ఎవరూ అందుకోలేదు.

పోటీ పద్ధతి కూడా స్థిరంగా లేదు. ఎక్కువ కాలం నాకౌట్ పద్ధతి నడిచింది. 2000 నుండి మూడేళ్లు జట్లను గ్రూపులుగా విభజించారు. 2011లో గోల్డ్ కోస్ట్ జట్టు ప్రవేశంతో క్లబ్బుల సంఖ్య 17 కావడంతో, తొలి దశలో మూడేసి జట్లు ఒకే వేదికపై పొట్టి ఆటలు ఆడే ఏర్పాటు చేశారు.

ప్రయోగశాల

ఈ కప్పు చేసిన అసలైన మేలు మరొకటి. లీగ్ నిర్వాహకులకు ఇది నియమాల ప్రయోగశాల అయింది. ప్రధాన సీజన్‌లో కొత్త నియమం ప్రవేశపెట్టి, అది బెడిసికొడితే ఒక క్లబ్ సంవత్సరపు శ్రమ వృథా కావచ్చు. పాయింట్లు లేని చోట అటువంటి ప్రమాదం తక్కువ.

ప్రయోగాలలో ప్రసిద్ధమైనది 2003లో వచ్చిన 'సూపర్ గోల్'. యాభై మీటర్ల గీత వెలుపలి నుండి తన్నిన గోల్‌కు ఆరుకు బదులు తొమ్మిది పాయింట్లిచ్చారు. దానితో స్కోరు రాసే పద్ధతి మారింది. సాధారణంగా గోల్స్, బిహైండ్స్ అని రెండు అంకెలుంటాయి. ఇక్కడ ముందు సూపర్ గోల్స్ అంకె చేరింది. ఉదాహరణకు ఒక సూపర్ గోల్, పది గోల్స్, ఎనిమిది బిహైండ్స్ సాధిస్తే 9, 60, 8 కలిపి మొత్తం 77. దూరపు గోల్ చూసి ప్రేక్షకులు కేరింతలు కొట్టినా, సంప్రదాయవాదులు దీనిని అంగీకరించలేదు. ప్రధాన లీగ్‌లోకి ఈ నియమం ఎన్నడూ రాలేదు.

మరికొన్ని మార్పులు నిలిచాయి. బిహైండ్ తరువాత గోల్ అంపైర్ జెండా ఊపడం ముగిసేవరకు రక్షక జట్టు వేచి ఉండనవసరం లేకుండా వెంటనే బంతిని తన్నవచ్చునన్న నియమాన్ని ముందు ప్రీ-సీజన్‌లో పరీక్షించి, 2006లో ప్రధాన లీగ్‌లో అమలు చేశారు. ఆట వేగం పెరగడానికి దోహదం చేసిన మార్పులలో ఇది ఒకటి.

కొత్త ప్రాంతాలకు ఆటను పరిచయం చేయడానికి కూడా ఈ పోటీ ఉపకరించింది. 1998లో బ్రిస్బేన్, ఫ్రీమాంటిల్ జట్లు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆడాయి. 2008లో ఆడిలైడ్, కాలింగ్‌వుడ్ జట్లు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో తలపడ్డాయి. అదే సంవత్సరం మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ కప్‌లో భారత జట్టు తొలిసారి పాల్గొనడం గమనార్హం.

విజేతలు

హాథార్న్ – 4 (1988, 1991, 1992, 1999)
ఎసెండన్ – 4 (1990, 1993, 1994, 2000)
కార్ల్‌టన్ – 3 (1997, 2005, 2007)
సెయింట్ కిల్డా – 3 (1996, 2004, 2008)
నార్త్ మెల్‌బోర్న్ – 2 (1995, 1998)
పోర్ట్ ఆడిలైడ్ – 2 (2001, 2002)
ఆడిలైడ్ – 2 (2003, 2012)
జీలాంగ్ – 2 (2006, 2009)
మెల్‌బోర్న్ – 1 (1989)
వెస్టర్న్ బుల్‌డాగ్స్ – 1 (2010)
కాలింగ్‌వుడ్ – 1 (2011)
బ్రిస్బేన్ లయన్స్ – 1 (2013)

గెలుపునకు అర్థమేమిటి?

ప్రీ-సీజన్ కప్ గెలిచిన జట్టు ఆ సంవత్సరం బాగా ఆడుతుందా? చరిత్ర ఇచ్చే సమాధానం సూటిగా లేదు. 26 మంది విజేతలలో అదే సంవత్సరం ప్రీమియర్‌షిప్ కూడా సాధించినవారు ఐదుగురే: 1988, 1991లలో హాథార్న్, 1993, 2000లలో ఎసెండన్, 2009లో జీలాంగ్. వీటిలో 2000 నాటి ఎసెండన్ ప్రధాన సీజన్ మొత్తంలో ఒకే ఒక్క ఆట ఓడింది.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ కార్ల్‌టన్. 2005 మార్చిలో కప్పు గెలిచిన ఆ జట్టు, ఆ సంవత్సరం లీగ్ పట్టికలో అట్టడుగున నిలిచింది. 2007లో మళ్లీ కప్పు గెలిచి, చివరినుండి రెండవ స్థానంతో సరిపెట్టుకుంది. పెద్ద జట్లు తమ ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చి యువకులను పరీక్షించే రోజులలో, పూర్తి బలంతో దిగిన జట్టుకు విజయం సులభమవుతుంది. దానిని రాబోయే సీజన్‌కు శుభశకునంగా భావిస్తే నిరాశ తప్పదు.

అలాగని కప్పును తేలికగా కొట్టిపారేయలేము. సెయింట్ కిల్డా క్లబ్ చరిత్రలో ఒకే ఒక్క ప్రీమియర్‌షిప్ ఉంది, అది 1966 నాటిది. అప్పటినుండి తండ్రులు, కొడుకులు, మనుమలు ఎదురుచూస్తున్న ఆ అభిమానులకు 1996, 2004, 2008 సంవత్సరాల ప్రీ-సీజన్ కప్పులు గొప్ప ఊరట. 1996 ఫైనల్‌కు వేవర్లీ పార్క్ మైదానం జనంతో కిక్కిరిసింది. 1954 తరువాత ప్రీమియర్‌షిప్ ఎరుగని వెస్టర్న్ బుల్‌డాగ్స్ 2010లో ఈ కప్పు గెలిచినప్పుడు వారి మద్దతుదారులు పండుగ చేసుకున్నారు. అసలు ప్రీమియర్‌షిప్ వారికి 2016లో గాని దక్కలేదు. ఆకలిగొన్నవాడికే అన్నం విలువ తెలుస్తుందన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఎందుకు ఆగిపోయింది?

నాకౌట్ పద్ధతిలోనే లోపముంది. తొలి వారంలో ఓడిన జట్టుకు సీజన్‌కు ముందు తగినంత సాధన దొరకదు. అటువంటి జట్లకు గ్రామీణ పట్టణాలలో వేరే ఆటలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఫైనల్ చేరిన జట్టుకు మరొక చిక్కు. లీగ్ ప్రారంభానికి కొద్దిరోజుల ముందు తీవ్రమైన ఆట ఆడితే అలసట, గాయాల భయం. శిక్షకులకు కావలసినది నిర్ణీత సంఖ్యలో సన్నాహక ఆటలు. ప్రసారకర్తలకు, ప్రేక్షకులకు కావలసినది నిజమైన పోటీ. రెండింటినీ ఒకే కప్పులో ఇమడ్చడం సాధ్యం కాలేదు.

2013 మార్చిలో బ్రిస్బేన్ లయన్స్ జట్టు కార్ల్‌టన్‌ను ఓడించి చివరి విజేతగా నిలిచింది. 2014 నుండి కప్పు, ఫైనల్ లేకుండా ఆటలు మాత్రమే మిగిలాయి. అప్పటినుండి ఈ ఆటలు వివిధ ప్రాయోజకుల పేర్లతో, ఎక్కువ కాలం 'కమ్యూనిటీ సిరీస్'గా జరుగుతూ వచ్చాయి.

అయితే ప్రీ-సీజన్ అంతటితో నిస్సారం కాలేదు. 2020 ఫిబ్రవరి 28న కార్చిచ్చు బాధితుల సహాయార్థం విక్టోరియా జట్టు, ఆల్ స్టార్స్ జట్టు మెల్‌బోర్న్‌లో తలపడ్డాయి. 2025 ఫిబ్రవరి 15న పెర్త్‌లో ఆదివాసీ ఆటగాళ్ల ఇండిజినస్ ఆల్ స్టార్స్ జట్టు ఫ్రీమాంటిల్‌ను ఓడించింది. ఈ ఆటలకు లీగ్ పాయింట్లు లేవు. కాని ఆడినవారికి, చూసినవారికి వాటి ప్రయోజనం స్పష్టంగా తెలుసు.

మన డ్యూరాండ్ కప్‌తో పోలిక

భారత ఫుట్‌బాల్‌లో దీనికి దగ్గరి పోలిక డ్యూరాండ్ కప్. 1888లో సిమ్లాలో ప్రారంభమైన ఈ పోటీ, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో వెలుగొందిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కాలంలో దేశంలోని అత్యున్నత గౌరవాలలో ఒకటి. ఆ జట్టు దీనిని నాలుగుసార్లు గెలుచుకుంది. ఇటీవలి సంవత్సరాలలో ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బులు దీనిని సీజన్‌కు ముందరి సన్నాహక పోటీగా కూడా ఉపయోగించుకుంటున్నాయి. ఆస్ట్రేలియా కప్పు సన్నాహంగా పుట్టి గౌరవం కోసం తపించింది. డ్యూరాండ్ గౌరవంతో పుట్టి నేడు సన్నాహమనిపించుకునే స్థితికి చేరింది. పోటీ విలువను పాయింట్ల పట్టిక ఒక్కటే నిర్ణయించదు. దానిని గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకునే జట్లు ఉన్నంతకాలమే ఏ కప్పైనా నిలుస్తుంది.