ఆపరేటింగ్ సిస్టమ్‌లు – మాల్‌వేర్: భద్రత చరిత్ర నేర్పే పాఠం

పరిచయం

మీరు బాటసింగారం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, జిరాక్స్ సెంటర్‌లో హాల్‌టికెట్ ప్రింట్ తీయించుకున్నారనుకోండి. ఇంటికి వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. "విండోస్ అంటే అంతే. లైనక్స్ వేసుకో, వైరస్ రాదు" అని ఎవరో సలహా ఇస్తారు. ఈ సలహా ఎంతవరకు నిజం? ఈ భాగంలో ఆ ప్రశ్నను చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

కంప్యూటర్ భాగాలను, అందులోని ప్రోగ్రామ్‌లను నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. హాని చేయడానికి రాసిన ప్రోగ్రామ్‌లన్నింటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. వైరస్ అందులో ఒక రకం మాత్రమే.

1. తొలి దశ

ఫ్లాపీల ద్వారా వ్యాపించిన తొలి వైరస్‌లలో ఒకటైన 'ఎల్క్ క్లోనర్' 1982లో వచ్చింది. రిచ్ స్క్రెంటా అనే అమెరికన్ పాఠశాల విద్యార్థి దీనిని రాశాడు. అది సోకినది విండోస్‌కు కాదు, ఆపిల్-2 కంప్యూటర్లకు. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు సోదరులు రాసిన 'బ్రెయిన్' ఐబీఎం పీసీలకు వ్యాపించింది. ఆ పీసీల్లో వాడిన డాస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఏ ఫైలునైనా మార్చగలిగేది. కాపలా లేని ఇల్లు వంటిది అది.

యునిక్స్‌లో అలా కాదు. ఎవరు ఏ ఫైలును తాకవచ్చో అనుమతులు ఉంటాయి. అయినా 1988 నవంబరు 2న 'మోరిస్ వర్మ్' యునిక్స్ కంప్యూటర్లలోనే చొరబడింది. ప్రోగ్రామ్‌లలోని లోపాలు, సులభంగా ఊహించగల పాస్‌వర్డ్‌లు దానికి దారి చూపాయి. సుమారు 6,000 కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అంచనా.

2. 'సురక్షితం' అనుకున్నవి

మాక్ కంప్యూటర్లకు మాల్‌వేర్ రాదనే నమ్మకాన్ని 2012లో 'ఫ్లాష్‌బ్యాక్' వమ్ము చేసింది. జావాలోని ఒక లోపం ద్వారా అది 6 లక్షలకు పైగా మాక్‌లకు సోకింది. ఆ లోపానికి సవరణ ఫిబ్రవరిలోనే వచ్చినా, మాక్ వినియోగదారులకు ఏప్రిల్‌లో గానీ అందలేదు. 2016లో 'మిరాయ్' లైనక్స్‌తో నడిచే కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. వాటిలో కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మారకుండా అలాగే ఉండటమే ప్రధాన కారణం.

3. యాభై తొమ్మిది రోజులు

2017 మే 12న 'వన్నాక్రై' విండోస్ కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దాదాపు 150 దేశాలు దీని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఇక్కడ ఒక తేదీని గుర్తుంచుకోండి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ విడుదల చేసింది. అంటే 59 రోజుల గడువు ఉంది. పాత ఎక్స్‌పీ వల్లే ఇదంతా జరిగిందని అప్పట్లో ప్రచారం సాగింది. నిజానికి దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు. వాటికి మందు అందుబాటులోనే ఉంది, వేసుకున్నవారే లేరు.

2019లో తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైట్ కూడా ఇలాంటి ర్యాన్సమ్‌వేర్ దాడికి గురైంది. బాటసింగారానికి కరెంటు ఇచ్చేది ఆ సంస్థే. అందువల్ల ఇది దూరదేశపు సమస్య కాదని గ్రహించాలి.

సారాంశం

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పుట్టుకతో సురక్షితం కాదు. అలాగని అన్నీ ఒకటేనని చెప్పడమూ పొరపాటే. అనుమతుల విభజన, మంచి డిఫాల్ట్ అమరికలు ప్రమాదాన్ని నిజంగా తగ్గిస్తాయి. ఉదాహరణకు, పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతట అదే నడిచే సౌకర్యాన్ని పాత విండోస్‌లలో 2011 నాటి అప్‌డేట్ ఆపివేసింది. కాని లోపం బయటపడిన రోజుకూ, దానిని మీ యంత్రంలో సరిదిద్దిన రోజుకూ మధ్య ఉన్న కాలమే అసలు ప్రమాదకాలం. దానిని తగ్గించడం చాలావరకు మీ చేతిలోనే ఉంది. "తర్వాత గుర్తుచేయి" అనే బటన్ నొక్కే ముందు ఆ 59 రోజులను తలచుకోండి. మీ నోట్సుకు మరో ప్రతిని విడిగా దాచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అనుమతుల విభజన ఉన్నప్పటికీ యునిక్స్ కంప్యూటర్లలోకి మోరిస్ వర్మ్ ఎలా ప్రవేశించింది?
2. ఫ్లాష్‌బ్యాక్, వన్నాక్రై ఘటనలలో ఆలస్యం పాత్రను పోల్చి రాయండి.