దుకాణము వెనుకటి బడి

1959 మార్చి 9వ తేదీన మార్టిన్ లూథర్ కింగుగారు మన దేశమునుండి తరలిపోవుచు ఆకాశవాణి మైక్రోఫోను ఎదుట కూర్చుండి వీడ్కోలు పలికినారు. నెలదినములు గాంధీగారి దేశమున తిరిగి, కన్నదియు విన్నదియు మనసున పెట్టుకొని వెళ్లుచుండిన మనిషి ఆయన. అప్పటి కాయనకు ముప్పదియేండ్లు నిండినవి. ఆయన పేరు వినని యిల్లు నేడు మనలో అరుదు.

రేడియోలో పనిచేయు మాకు ఒక అలవాటు కలదు. గొంతు వినగానే ఆ గొంతు వెనుక ఎవరెవరున్నారోయని మనసు పోవును. మైకు ముందర కూర్చుండువారు ఒకరే. అద్దమునకు ఆవల చెమటోడ్చువారు పలువురు. కింగుగారి కంఠము వెనుక గూడ అట్టివారుండినారు. వారిలో పెక్కురు ఆయనకన్న ఒక తరము పెద్దవారు. వారిలో ఒక పంతులమ్మగారి కథ ఈనాడు శ్రోతలకు చెప్పదలచినాము. ఆమె సెప్టిమా పాయిన్‌సెట్ క్లార్కు.

అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రపు రేవుపట్టణమైన చార్లెస్టనులో 1898 మే 3న ఆమె జన్మించినారు. తండ్రి బానిసగా పుట్టినవాడు. ఆమెకు పంతులమ్మ పరీక్ష ప్యాసయిన నాటికి చార్లెస్టను సర్కారు బడులలో నల్లవారికి ఉపాధ్యాయపదవి ఇచ్చెడివారు కారు. అందుచేత 1916లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, పడవమీద తప్ప పోరాని జాన్స్ ఐలండు అను దీవికి పోయి ఆమె బడి చెప్పవలసివచ్చినది. 132 మంది పిల్లలు, ఇద్దరు పంతులమ్మలు. ఇద్దరికి కలిపి నెలకు 60 డాలర్లు. ఆ దీవిలోనే తెల్లపిల్లల బడిలో ముగ్గురే పిల్లలు. అచటి పంతులమ్మకు 85 డాలర్లు. పుస్తకములు లేవు, సంచికాగితము చించి దానిపై కథలు వ్రాసి ఆమె పిల్లలచేత చదివించెడివారు. రాత్రిళ్లు పెద్దవారు వచ్చి, తమకును రెండక్షరములు చెప్పుమని అడిగెడివారు. ఆ అడుగుట ఆమె మరువలేదు. నలుబదియేండ్ల తరువాత ఆ దీవికే మరల రావలసియుండినది గాని, అది అప్పుడామెకు తెలియదు.

నడుమ జరిగిన వానిని త్వరగా చెప్పి సాగెదము. 1919లో చార్లెస్టను తిరిగివచ్చి, నల్ల ఉపాధ్యాయులకు సర్కారు బడులలో ఉద్యోగములు ఇయ్యవలెనని ఇల్లిల్లు తిరిగి సంతకములు సేకరించినారు. మరుసటి యేటనే ఆ హక్కు దక్కినది. 1945లో కొలంబియా నగరమున సమానవేతనమునకై నడిచిన వ్యాజ్యములో పనిచేసినారు. ఆ వ్యాజ్యము గెలిచినది. ఉద్యోగము చేయుచునే బి.ఏ., ఎం.ఏ. పట్టములు పొందినారు. ఈ పనులన్నిటను ఆమె నల్లవారి అభ్యుదయసంఘమైన ఎన్.ఏ.ఏ.సి.పి. సభ్యురాలు.

1956లో దక్షిణ కెరొలైనా శాసనసభ ఒక చట్టము చేసినది. సర్కారు కొలువులో నున్నవారు ఆ సంఘమున సభ్యులుగా నుండరాదు. పలువురు పేరు తీసివేయించుకొన్నారు. క్లార్కుగారు తీసివేయించుకొనలేదు. నలుబదియేండ్ల ఉద్యోగము పోయినది. దానితో పింఛనును పోయినది. అప్పుడామె తనతోడి నల్ల ఉపాధ్యాయులకు ఏడువందలకు పైబడి జాబులు వ్రాసినారు, అందరము కలిసి ఈ చట్టమును ఎదిరింతమని. బదులు వ్రాసినవారు ఇరువదియార్గురు. అధికారిని చూడబోవుదము రండని పిలిచినచో కదలినవారు అయిదుగురు.

ఇచట మేము కొంత నిలువదలచినాము. ఎవరైనను ఇట్టి సమయమున ఏమందురు? పిరికివారు, కృతఘ్నులు, ఈ జాతి బాగుపడదు, అందురు. మన గ్రామములలో పెద్దమనుష్యుల నోట ఈ మాట మనము ఎన్నిమారులు వినలేదు! క్లార్కుగారు అట్లనలేదు. ఆ ఓటమిని తన ఖాతాలోనే వ్రాసికొన్నారు. వారిని సిద్ధపరుపకయే ముందుకు త్రోసితిని, తప్పు నాది, అని తరువాతికాలమున ఆమె చెప్పుకొనెడివారు. మనుష్యులను పిలుచుటకు ముందు వారిని తయారుచేయవలెనని ఆమె తేల్చుకొన్నారు. ఆమె తక్కిన జీవితమంతయు ఈ తేల్చుకొనుటలోనుండియే పుట్టినదని మా అభిప్రాయము.

కొలువు పోయిన పంతులమ్మను టెన్నెసీ కొండలలోని హైలాండర్ జానపదపాఠశాల పిలిచి పనియిచ్చినది. నలుపు తెలుపు తేడా లేక ఒకే బల్లవద్ద భోజనము పెట్టి పెద్దలకు తరగతులు నడిపిన తావది. మైల్స్ హార్టనుగారు 1932లో నెలకొల్పినారు. 1955 వేసవిలో క్లార్కుగారు నడిపిన తరగతికి మాంట్‌గోమరీనుండి ఒక కుట్టుపనియామె వచ్చి, మాట తక్కువగా, వెనుక వరుసవారివలె కూర్చుండిపోయినది. ఆమె పేరు రోసా పార్క్స్. ఆ డిసెంబరు 1న బస్సులో తన చోటు విడువనన్న ఆమెను పోలీసులు పట్టుకొనిరి. మిగిలిన కథ లోకమెరిగినదే.

ఇక దీవి మాట. జాన్స్ ఐలండులో ఈసా జెంకిన్స్ అను ఆసామి యుండెడివారు. నాలుగవ తరగతితో చదువు ఆగినది. కూరగాయలు పట్టణమునకు చేర్చి అమ్మెడివారు. అచటి వర్తకులలో గ్రీకులు ఉన్నందున వ్యాపారమునకై గ్రీకు మాటలు నేర్చిన గట్టివాడు. తన బస్సులో దీవి కూలిజనమును చార్లెస్టనునకు చేర్చుచు, దారిపొడవున రాష్ట్ర రాజ్యాంగములోని భాగములను చదివి వారిచేత వల్లెవేయించెడివారు. ఎందులకనగా, దక్షిణ కెరొలైనాలో వోటరుగా చేరదలచినవాడు రిజిస్ట్రారు చూపిన రాజ్యాంగభాగమును చదివి వినిపింపవలెను. నిరక్షరాస్యులైన నల్లవారికి వోటు లేకుండ చేయుటకే అట్టి నిబంధన. 1951-52లో మన తొలి ఎన్నికలనాడు మన పల్లెలలో ఎవరినీ చదువు వచ్చునాయని అడుగలేదు. కాడిజోడెద్దులనో గుడిసెనో చూచి వోటు వేసివచ్చినారు. దాని విలువ ఇట్టి కథ వినినప్పుడు గాని తెలియదు.

బస్సులో వల్లెవేసిన ఒకామె ఆ భాగమంతయు కంఠస్థము చేసి పరీక్షలో గట్టెక్కినది. కాని ఆమెకు తృప్తి లేదు. చిలుకపలుకులు కాదు, నిజముగా చదువవలెను, నేర్పుదురా, అని జెంకిన్సుగారిని అడిగినది. ఆయన పోయి హైలాండరును, క్లార్కుగారిని అడిగినారు.

బడి పెట్టుటకు గది దొరకలేదు. తెల్లవారి ఆగ్రహమునకు వెరచి బడివారును చర్చివారును చోటు ఇయ్యమన్నారు. హైలాండరువద్ద అప్పు తీసికొని జెంకిన్సుగారి సంఘము ఒక పాత కట్టడమును కొన్నది. ముందు భాగమున సహకార దుకాణము, వెనుక గదులలో బడి. దారిని పోవువారికి పప్పు ఉప్పు అమ్ముచున్నట్లే కనబడును. ఉపాధ్యాయినిగా క్లార్కుగారు ఎన్నుకొన్నది బర్నీస్ రాబిన్సనుగారిని. ఆమె వృత్తి నల్లవారి స్త్రీలకు కేశాలంకరణ. తానెన్నడును బడి చెప్పలేదే, నాకేల, అని ఆమె వెనుకాడినారు. క్లార్కుగారికి కావలసినది అదియే. పంతుళ్లకు పెద్దవారిని పిల్లలవలె చూచు అలవాటుండును. అదిగాక తెల్లదొర పనినుండి తీసివేయుటకు వీలులేని జీవనము ఆమెది.

1957 జనవరి 7న మొదటి తరగతి. వచ్చినవారు పదునలుగురు. రాబిన్సనుగారు మొదట పసిపిల్లల వాచకములు తెచ్చి, వారి మొగములు చూచి ప్రక్కన పెట్టివేసినారట. మీకేమి కావలెనని అడిగినారు. పేరు వ్రాయుట, బైబిలు చదువుట, మనియార్డరు ఫారము పూర్తిచేయుట, టపాలో సరకు తెప్పించుకొను చీటీ నింపుట. అవియే పాఠములైనవి. ముదుక చేతులకు పెన్సిలు నిలువదు. కొందరు నొక్కిన నొక్కుడుకు పుటుక్కున విరిగెడిది. అట్టముక్కపై ఆమె పేరు వ్రాసియిచ్చిన, దానిపై మరల మరల దిద్దెడివారు. పలకపై వ్రాసిన పేర్లలో ఒకనాడు అరువదియైదేండ్ల వృద్ధురాలు తన పేరును గుర్తుపట్టి చూపినది. ఆనాటి తన యొడలి గగుర్పాటును రాబిన్సనుగారు జీవితాంతము చెప్పుకొన్నారు. మేమును ఆ ముచ్చట చదివి ఆ పూట మరొక పని చేయలేకపోతిమి.

1959లో పోలీసులు హైలాండరుపై దాడిచేసి, మద్యమున్నదన్న నెపమున, మద్యము ముట్టని క్లార్కుగారినే పట్టుకొనిరి. 1961లో రాష్ట్రము ఆ సంస్థను మూసివేయించినది. బడులు మాత్రము మూతపడలేదు. అప్పటికే వానిని కింగుగారి సంస్థకు అప్పగించినారు. జార్జియాలోని డార్చెస్టరు కేంద్రమునకు దక్షిణరాష్ట్రములనుండి బస్సులలో జనము వచ్చి, అయిదు దినములు శిక్షణ పొంది, ఊరికి పోయి వంటయింటిలోనో చెట్టునీడనో బడి తెరచెడివారు. 1970 నాటికి అట్టి బడులు దాదాపు 900. ప్రత్తిచేల కూలి అయిన ఫానీ లూ హేమరుగారు 1963 జూన్ 9న చార్లెస్టనులో శిక్షణ ముగించుకొని మిసిసిపీకి తిరిగిపోవుచుండగనే వినోనా ఊరిలో నిర్బంధింపబడి జైలులో దెబ్బలు తిన్నారు. మరుసటి యేడు ఆమె వాఙ్మూలమును దేశమంతయు టెలివిజనులో వినినది. 1965 ఆగస్టు 6న వోటుహక్కుల చట్టముపై సంతకమైనది. అక్షరపరీక్ష ఆ రాష్ట్రములలో నిలిచిపోయినది.

ఇట్టి పెద్దరికము ఆమె ఒక్కరిదే కాదు. ఎల్లా బేకరుగారు 1960 ఏప్రిలులో రాలీ నగరపు షా విశ్వవిద్యాలయమున విద్యార్థులను సమావేశపరచి, ఏ పెద్దల సంస్థకును మీరు తోక కావలదని హెచ్చరించి ప్రక్కకు తప్పుకొన్నారు. నాగపూరు హిస్లాప్ కళాశాలలో మూడేండ్లుండి గాంధీమార్గమును పఠించిపోయిన జేమ్స్ లాసనుగారును ఆ సభలో ప్రసంగించినారు.

కింగుగారి సంస్థలో క్లార్కుగారికి ఆసనమున్నది, మాట చెల్లుబడి తక్కువ. ఆడుదానికి కార్యవర్గమున ఏమి పనియని ఆమె ఎదుటనే అడిగినవారు కలరు. ప్రతి ఊరేగింపునకు మీరే ముందు నడువకుడు, ఊరూర నాయకులను తయారుచేయుడు, అని కింగుగారికి ఆమె జాబు వ్రాసినారు. ఆయన దానిని సహచరులకు చదివి వినిపింపగా వారు నవ్విరట. ఆమె దీనిని దాచలేదు. కింగుగారియెడ గౌరవమును విడువలేదు. 1964లో నోబెలు బహుమానమునకు ఆయనతో ఆస్లోకు పోయినవారిలో ఆమెయు ఒకరు.

1970లో ఆమె పనినుండి విరమించినారు. 1975లో, డెబ్బదియేడేండ్ల వయసున, చార్లెస్టను మండల విద్యాసంఘమునకు ఎన్నికైనారు. ఇరువది యేండ్లకు పూర్వము ఆమెను బడినుండి వెళ్లగొట్టిన పట్టణమే అది. 1976లో గవర్నరు ఆమె పింఛనును పునరుద్ధరించినాడు. పోయిన జీతపు బకాయి చెల్లించుటకు శాసనసభ ఒప్పుకొన్నది 1981లో. ఆమె అప్పటికి ఎనుబదిమూడేండ్లది. 1987 డిసెంబరు 15న కన్నుమూసినది జాన్స్ ఐలండులోనే.