విజయానంతర ధర్మము: 1900 నాటి పెకింగు నగర వృత్తాంతము



నిరాయుధుని, శరణాగతుని, వెన్నిచ్చి పారిపోవువానిని చంపరాదని మహాభారతము బోధించుచున్నది. ఈ యుద్ధధర్మములను మనము తరచుగా వినుచునే యుందుము. అయితే యుద్ధము ముగిసి, శత్రునగరము చేజిక్కిన పిమ్మట సైనికుడు ఎట్లు మెలగవలెనను ప్రశ్నను మనమంతగా విచారింపము. నిజమునకు ధర్మమునకు కఠినపరీక్ష అప్పుడే ఎదురగును. యుద్ధభూమిలో ఎదుటివాని చేతను ఆయుధముండును. ఓడిన నగరములో వృద్ధులు, స్త్రీలు, పసిబిడ్డలు మాత్రమే ఎదుట నుందురు. అచ్చట సైనికుని చేయి పట్టి ఆపగలవి రెండే: పై అధికారి ఆజ్ఞ, తన అంతరాత్మ.

జయించిన రాజు చేయవలసిన పనులను మనుస్మృతి సప్తమాధ్యాయము వివరించినది. అతడు ముందుగా ఆ దేశపు దేవతలను పూజింపవలెను, ధార్మికులను గౌరవింపవలెను, ప్రజలకు అభయము చాటింపవలెను, ఆ దేశాచారములనే ప్రమాణముగా నిలుపవలెను. శ్రీరామచంద్రుడు చేసినదియు నిదియే. రావణునికి అంత్యక్రియలు జరిపింపుమని విభీషణుని ఆదేశించెను. తాను లంకలో అడుగిడక, లక్ష్మణుని పంపి విభీషణునికి పట్టము కట్టించెను.

ఈ కొలమానముతో ఆధునిక చరిత్రలోని ఒక ఘట్టమును పరిశీలింతము.

1900వ సంవత్సరమున చైనాలో, పాశ్చాత్యులు బాక్సర్లని పిలిచిన వ్యాయామసంఘములవారు విదేశీయులపై తిరుగబడిరి. వారు మిషనరీలను, వేలకొలది చైనా క్రైస్తవులను వధించిరి. ఆ అకృత్యమును మనము కప్పిపుచ్చ నక్కరలేదు. పెకింగులోని, అనగా నేటి బీజింగులోని, విదేశీ రాయబార కార్యాలయములు 55 దినములు ముట్టడిలో నుండెను. బ్రిటన్, రష్యా, జపాన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ అను 8 రాజ్యములు చేతులు కలిపినవి. వారి సేనలు ఆగస్టు 14న నగరమున ప్రవేశించి, ముట్టడిని తొలగించినవి. మరునాడు రాజమాత సీషీ నగరము విడిచి పలాయనమయ్యెను.

తమవారిని రక్షించుటయే లక్ష్యమైనచో కార్యము అంతటితో నెరవేరినది. కాని అసలు దుర్ఘటన అప్పుడే ఆరంభమైనది. సేనలు నగరమును భాగములుగా పంచుకొని, ఇంటింట జొరబడి దోచుకొన్నవి. బ్రిటిషువారు దోపిడి వస్తువులను తమ రాయబార కార్యాలయ ప్రాంగణముననే వేలము వేసి, వచ్చిన సొమ్మును హోదాలనుబట్టి పంచుకొనిరి. పెకింగు చెంతనున్న తుంగ్‌చౌ పట్టణమునందును, నగరమునందును మానభయముచే ఎందరో స్త్రీలు బావులలో దుమికి ప్రాణములు విడిచిరి. జర్మనీ చక్రవర్తి తన సేనలను సాగనంపుచు, ఎవ్వరిని బందీలుగా పట్టవలదని, అనగా చేజిక్కినవారినెల్ల చంపుడని, బహిరంగముగా ప్రసంగించియుండెను. అటు పిమ్మట పల్లెలపై శిక్షాయాత్రలు నడచినవి. ఒక్క బాక్సరుకు పదులకొలది నిరపరాధులైన కూలీలు బలియైరని అమెరికా సేనానియే అంగీకరించెను.

ఇందొక విచిత్రము కలదు. అంతకు ఒక్క సంవత్సరము ముందు, 1899లో, హేగ్ నగరమున జరిగిన సమావేశములో ఈ 8 రాజ్యములును పాల్గొనియుండెను. ఆక్రమిత ప్రదేశములో దోపిడి నిషిద్ధమనియు, కుటుంబగౌరవమును, ప్రాణమును, మతవిశ్వాసమును మన్నింపవలెననియు అచ్చట వ్రాసికొనిరి. వ్రాతలోని ధర్మము చేతలలోనికి దిగలేదు.

పెకింగులో 1420లో నిర్మింపబడిన స్వర్గదేవాలయము కలదు. చైనా చక్రవర్తి ఉపవాసదీక్ష వహించి, లోకక్షేమమునకై, సస్యసమృద్ధికై అచ్చట ఆరాధన సల్పెడివాడు. ఆ పవిత్రావరణము బ్రిటిషు సేనకు విడిది అయ్యెను. దేవాలయములో సైన్యము విడిసిన బాధ యెట్టిదో మన దేశమువారికి వేరుగా చెప్పవలసినది లేదు.

బాధాకరమైన సంగతి యేమనగా, ఆ బ్రిటిషు సేనలో అధికసంఖ్యాకులు మన భారతీయులే. రాజపుత్రులు, సిక్కులు, పంజాబీలు పరప్రభువు ఆజ్ఞపై అచ్చటికి వెడలిరి. దోపిడిలో వారి చేతులును నిష్కళంకములు కావు. అయినను అందొకని అంతరాత్మ మేల్కొనియే యుండెను. 7వ రాజపుత్ర దళమునకు చెందిన ఠాకూర్ గదాధర్ సింగ్, కాలిన పల్లెలను, దిక్కులేని శవములను, సైనికుల క్రౌర్యమును కన్నులార చూచి, 1902లో "చీన్ మే తేరహ్ మాస్" అను హిందీ గ్రంథమును ప్రకటించెను. బుద్ధుని ఆరాధించు ఈ ప్రజలు తనకు పరాయివారు కారని, పొరుగువారని ఆయన తలచెను. ఎవరిపై యుద్ధమునకు వెడలెనో వారికొరకే ఆయన హృదయము ద్రవించినది.

క్రౌర్యము ఫలానా జాతి లక్షణమని తలచుట పొరపాటు. 1900లో జపాను సేన కోశాగారమునందలి వెండిని తరలించుకొన్నను, ప్రజలయెడ ఇతరులకంటె క్రమశిక్షణతో మెలగినదని పలువురు వ్రాసిరి. ఆ సేనయే 1937లో నాన్‌కింగు నగరమున మానవజాతి తలవంచుకొను ఘోరములు చేసినది. సేనాధిపతులు క్రమశిక్షణను కోరినప్పుడు నిలిచినది, ఉపేక్షించినప్పుడు కూలినది. కనుకనే టోక్యో న్యాయస్థానము, తన సైనికులను వారింపలేదను నేరమునకు సేనాని మత్సుయిని దోషిగా నిర్ణయించినది. 1948లో అతనికి మరణశిక్ష అమలు జరిగెను. రక్షింపని రాజునకు ప్రజల పాపములో ఆరవవంతు చెందునని మన స్మృతి యెన్నడో చెప్పియున్నది.

పెకింగు కథకు మరొక అధ్యాయము కలదు. స్వర్గదేవాలయమునందు అర్చనాసంగీతమున మ్రోగు కంచుగంట యొకటి దోపిడిలో భారతదేశమునకు చేరినది. అది దశాబ్దములపాటు సైన్యముయొక్క అధీనమున నుండెను. 1994లో మన సేనాధిపతి జనరల్ బి.సి. జోషి చైనాను దర్శించినపుడు దానిని తిరిగి యిచ్చుటకు సంకల్పించిరి. వారు ఆ సంవత్సరమే పరమపదించినను, 1995లో గంట స్వస్థానము చేరెను. దోచినది మన స్వతంత్ర ప్రభుత్వము కాదు. ఆ నాటివారెవ్వరును జీవించిలేరు. అయినను మనయొద్దనున్న పరసొమ్మును, అందునను దేవుని సొమ్మును, స్వామికి అప్పగించుట మన విధియని తలచిరి.

బావులలో దుమికిన తల్లులను ఏ ప్రాయశ్చిత్తమును తిరిగి తీసికొనిరాజాలదు. ఒక గంట మాత్రము తన గుడిని చేరినది. చేయగలిగినంత చేయుట ధర్మము. మనలో ఆయుధము పట్టువారు కొందరే. కాని పొలము తగవులో గెలిచినవాడు, ఉద్యోగములో పైమెట్టెక్కినవాడు, వ్యాజ్యములో నెగ్గినవాడు ఎందరో కలరు. మన గెలుపు ఎదుటివానికి అభయమగుచున్నదా, భయమగుచున్నదా? గర్భగుడిముందు గంట మ్రోగించునపుడు ఈ ప్రశ్నను ఒక్కమారు మనసున తలంతము.

స్వస్తి.