ఊరికి నాలుగు పేర్లుంటే ట్యాగ్ ఏది?

సాక్చి, కాళీమాటి, జంషెడ్‌పూర్, టాటానగర్. ఆ ఊరి పాత కాగితాలు వెతకాలంటే ఈ నాలుగు పేర్లూ తెలిసి ఉండాలి. ఉక్కు కర్మాగారం లేచిన చోటు సాక్చి, రైలు దిగాల్సింది కాళీమాటిలో. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెట్జీ టాటా పేరు మీద ఊరిని జంషెడ్‌పూర్ చేశాడు. స్టేషను టాటానగర్ అయింది. 2000 నవంబరు 15న బీహార్ నుంచి జార్ఖండ్ విడిపోయి, ఆ ఊరున్న రాష్ట్రం పేరూ మారింది. ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డవాళ్లకు వాడుకలో అది ‘టాటా’.

అలాంటి కుటుంబమొకటి ఫోన్లలో ఉమ్మడి నోట్‌బుక్ పెట్టుకుందనుకుందాం. తాతగారి ఉద్యోగపు ఉత్తరానికి మనవడు ‘టాటా’ అని ట్యాగ్ తగిలిస్తాడు. అత్తయ్య తన శుభలేఖకు ‘జంషెడ్‌పూర్’ అని పెడుతుంది. బాబాయి పాత ఇంటి రసీదులన్నీ ‘బీహార్’ కింద పడేస్తాడు. ఏ ట్యాగ్ నొక్కినా మిగతావాళ్లు దాచినవి కనబడవు.

ఈ చిక్కు కంప్యూటర్లకంటే పాతది. 1876లో అమెరికన్ గ్రంథాలయవేత్త చార్లెస్ కట్టర్ కేటలాగు నియమాలు రాస్తూ, విషయానికి ఒక శీర్షిక ఖాయం చేసి, దాని మారుపేర్ల దగ్గర ‘ఫలానా చోట చూడు’ అని సూచన పెట్టమన్నాడు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించి ఇంకా లోతుకు వెళ్లారు. విషయాన్ని ఒకే అరలో ఇరికించకుండా ముఖాలుగా విడదీశారు. స్థలం ఒక ముఖం, కాలం ఇంకో ముఖం. ఈనాటి ట్యాగులకు మూలపురుషుడు ఆయనేనని నా నమ్మకం. బాబాయి రసీదుకు ‘ఇల్లు’, ‘జంషెడ్‌పూర్’, ‘1980లు’ అని మూడు ట్యాగులు పెడితే రంగనాథన్ పద్ధతి ఇంట్లోకి వచ్చినట్టే.

2003లో వచ్చిన డెలీషియస్ అనే సైటు, వెబ్ లంకెలకు ఎవరికి తోచిన మాట వాళ్లు తగిలించే వీలిచ్చింది. 2007లో క్రిస్ మెస్సినా ట్విట్టర్‌కు హ్యాష్‌ట్యాగ్ సూచించాడు. స్వేచ్ఛ పెరిగింది, కట్టర్ చెప్పిన ‘చూడు’ మాత్రం మరుగున పడింది.

అది నిలిచినచోటు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ‘వర్గం’ వ్యాసాలను గుదిగుచ్చుతుంది, ‘దారిమార్పు’ మారుపేరును అసలు పేజీకి చేరుస్తుంది. ఏ పేరు ఉంచాలో సభ్యులు చర్చా పేజీల్లో వాదించుకుని తేల్చుకుంటారు. ఆ వాదన వృథా కాదు. ఉమ్మడి పుస్తకానికి కావలసిన అసలు పని అదే.

చాలా నోట్‌బుక్ ఆప్‌లలో దారిమార్పు దొరకదు. అందుకే మొదటి పేజీలో ‘జంషెడ్‌పూర్: టాటా, టాటానగర్, సాక్చి, కాళీమాటి’ అని రాసి పెట్టుకోవాలి. ఊరికి ట్యాగ్ ఒకటే ఉండాలి. ఉత్తరం మీద ‘బీహార్’ అని ఉంటే ఆ మాటను నోట్‌లో అలాగే ఎక్కించాలి, ఎందుకంటే రేపు దాన్ని వెతికే పిల్లలు ఏ పేరుతో వెతుకుతారో ఇవాళ చెప్పలేం.