లీనియర్ వీడియో గేముల్లో కథాకథనం

ఘట్టాలన్నీ ముందే నిర్ణయించిన వరుసలో సాగే ఆటలను లీనియర్ వీడియో గేములు అంటారు. వీటిలో ఎవరు ఆడినా దారి దాదాపు ఒకటే. నచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ ఉండదు కాబట్టి, ముందుకు సాగాలన్న ఆసక్తి పుట్టించే భారం చాలావరకు కథ మీదే పడుతుంది. లక్ష్యం చూపడం, ఆట మెలకువలు నేర్పడం, పోరాటాల నడుమ ఊపిరి తీసుకోనివ్వడం కథ చేసే ముఖ్యమైన పనులు. 1980ల మొదట్లో ఆటకు ముందో వెనకో కనిపించిన కథ క్రమంగా ఆటలోనే కలిసిపోయింది.

తొలి దశ

1980లో నామ్కో విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్‌లో కొన్ని లెవెళ్లు పూర్తయ్యాక చిన్న హాస్య దృశ్యాలు వచ్చేవి. అవి కేవలం విశ్రాంతి కోసం. మరుసటి ఏడాది నింటెండో తరఫున షిగెరు మియామోతో రూపొందించిన డాంకీ కాంగ్‌లో కథే ఆటకు లక్ష్యమైంది. గొరిల్లా ఓ యువతిని ఎత్తుకుని నిచ్చెన ఎక్కుతుంది. పైన అది గెంతులు వేస్తుంటే తిన్నగా ఉన్న ఉక్కు దూలాలు ఏటవాలుగా వంగిపోతాయి. శత్రువెవరో, చేరాల్సింది ఎక్కడికో, గొరిల్లా విసిరే పీపాలు ఎటు దొర్లుతాయో కొద్ది సెకన్లలో, ఒక్క మాటైనా లేకుండా తెలిసిపోతుంది.

జోర్డాన్ మెక్నర్ తయారుచేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989)లో దుష్టమంత్రి జాఫర్ రాకుమారికి గంట గడువు ఇస్తాడు. ఆట ముగించడానికి ఉన్న సమయమూ సరిగ్గా 60 నిమిషాలే.

కట్‌సీన్లు, వాటికి ప్రత్యామ్నాయం

1988లో టెక్మో సంస్థ నింజా గైడెన్‌లో సినిమా ఫక్కీలో కట్‌సీన్లు (ఆట ఆగి కథ చూపే దృశ్యాలు) పెట్టి, లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య కథ నడిపింది. సీడీలు వచ్చాక వీటి నిడివి పెరిగింది. హిదెయో కొజిమా మెటల్ గేర్ సాలిడ్ (1998)లో సంభాషణలు, దృశ్యాలు సుదీర్ఘంగా సాగుతాయి. కంట్రోలర్ పక్కన పెట్టి చూస్తూ కూర్చోవాల్సి వస్తోందన్న విమర్శ ఇలాంటి ఆటల మీద తరచూ వినిపించింది.

అదే ఏడాది నవంబరులో వాల్వ్ విడుదల చేసిన హాఫ్‌లైఫ్ వేరే దారి పట్టింది. దీని కథారచయిత మార్క్ లైడ్‌లా అప్పటికే నవలాకారుడు. శాస్త్రవేత్త గోర్డాన్ ఫ్రీమన్ బ్లాక్ మీసా పరిశోధన కేంద్రానికి ట్రామ్‌లో వెళ్లడంతో ఆట మొదలవుతుంది. పెట్టెలో అటూ ఇటూ తిరుగుతూ కిటికీలోంచి ఆ కేంద్రాన్ని చూడవచ్చు. తర్వాత ప్రయోగశాలలో నమూనా ఉన్న బండిని యంత్రంలోకి నెట్టాల్సింది ఆడేవారే. దాంతోనే ప్రమాదం జరుగుతుంది. ఆట ఆద్యంతం దృశ్యం ఫ్రీమన్ కళ్లలోంచే కనిపిస్తుంది. అతను ఒక్క మాటా మాట్లాడడు.

కథకూ ఆటకూ పొంతన

కెన్ లెవిన్ నేతృత్వంలో వచ్చిన బయోషాక్ (2007)లో కథానాయకుడు సముద్రగర్భ నగరం రాప్చర్‌లో రేడియో గొంతు చెప్పినట్టల్లా నడుచుకుంటాడు. ఓ మర్యాదపూర్వకమైన మాట వినగానే విధేయుడయ్యేలా అతన్ని ముందే మలిచారని చాలాసేపటికి బయటపడుతుంది. చెప్పిన దారిలోనే నడవాలన్న లీనియర్ ఆట పరిమితినే ఈ మలుపు కథావస్తువుగా మార్చింది.

అయితే నియమాలు స్వార్థంగా ఆడే వీలిస్తుంటే, కథ మాత్రం ఇతరులకు సాయపడక తప్పని స్థితి కల్పిస్తోందని డిజైనర్ క్లింట్ హాకింగ్ ఆక్షేపించాడు. ఈ వైరుధ్యానికి అతను పెట్టిన లూడోనరేటివ్ డిసొనెన్స్ అన్న పేరు విమర్శలో స్థిరపడింది.

చేతల్లో కథ

ఫుమితో ఉయెదా ఇకో (2001)లో బాలుడు యోర్డా అనే అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపించాలంటే బటన్ నొక్కి ఉంచాలి. వదిలితే చెయ్యి వదిలేసినట్టే. ఆమెను కాపాడటమే కథ, ఆటా కూడా.

జోసెఫ్ ఫారెస్ దర్శకత్వంలో వచ్చిన బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్ (2013) ఈ పద్ధతికి బలమైన ఉదాహరణ. కథలోని అన్నదమ్ముల్లో అన్నను కంట్రోలర్ ఎడమ సగం, తమ్ముణ్ని కుడి సగం నడిపిస్తాయి. తల్లి నీట మునిగి చనిపోయినందున తమ్ముడికి నీళ్లంటే భయం. అన్న వీపు పట్టుకునే ఏరు దాటుతాడు. అన్న మరణించాక ఎడమ సగం పనిలేకుండా పోతుంది. చివర్లో తమ్ముడు ఒంటరిగా ఏటి ఒడ్డున ఆగిపోతాడు. అతని బటన్‌తో లాభం ఉండదు. అన్న బటన్ నొక్కితేనే ఈదుతాడు. అన్న నేర్పిన ధైర్యం అక్కడ ఆడేవారి వేలికి తెలుస్తుంది.

ప్రభావం

నాటీ డాగ్ ఆట ది లాస్ట్ ఆఫ్ అస్ (2013) కథను హెచ్‌బీఓ 2023లో టీవీ సిరీస్‌గా ప్రసారం చేసింది. భారతదేశంలో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్‌ను విడుదల చేసింది. అపహరణకు గురైన తమ్ముడు గోలూను వెతుకుతూ సాగే రాజీ అనే అమ్మాయి కథ ఇది. కట్‌సీన్లు తోలుబొమ్మలాట తీరులో ఉంటాయి. మిగతా కథను ఆట ఆగకుండానే, ఆమె నడుస్తుండగా దుర్గ, విష్ణువుల సంభాషణ వినిపిస్తుంది.