ఏ సర్పంచి?

కెరమెరి వెనకబడి చాలాసేపయింది. మొరం దారి, అటూ ఇటూ పత్తి చేలు, చేల వెనక టేకు గుట్టలు. డిసెంబరు చలి. తొమ్మిది కావస్తున్నా ఎద్దుల ముక్కుల్లోంచి ఆవిరి పోతూనే ఉంది. ఊరి మొదట్లో బండి ఆపి, నెగడు కాచుకుంటున్న నలుగురిని అడుగుతారు: "సర్పంచి ఇల్లెక్కడ?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దాయన తలకు చుట్టిన తువ్వాల సర్దుకుని, వెటకారం ఏమీ లేకుండానే ఎదురు అడుగుతాడు.

"ఏ సర్పంచి గావాలె సారూ? ఇటు సర్పంచా, అటు సర్పంచా?"

ఇటు అంటే తెలంగాణ. అటు అంటే మహారాష్ట్ర. మీరు నిలబడ్డ చోటు మాత్రం ఒక్కటే.

ఇది పరందోళి అనుకోండి, ముకద్దంగూడ అనుకోండి, మహారాజగూడ అనుకోండి, అంతాపూర్ అనుకోండి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోనూ ఉన్నాయివి, చంద్రాపూర్ జిల్లా జివతి తాలూకాలోనూ ఉన్నాయి. ఎన్ని ఊళ్లంటే లెక్కా కుదరదు. కొందరు 12 అంటారు, కొందరు 14 అంటారు. హద్దురాయి ఎక్కడుందోనని చూడకండి. హద్దు ఎక్కడన్నదే కదా తగువు.

బడిగంట కొడతారు. ఒకటి కాదు, రెండు. ఒక బడిలో తెలుగు వాచకం, ఇంకో బడిలో మరాఠీ. అటు ఖిచిడీ, ఇటు గుడ్డు. ఒకే వాకిట్లోంచి అన్న ఇటు, చెల్లె అటు సంచులు తగిలించుకుని పోతారు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ కావచ్చు, గోండీ కావచ్చు, కొలామీ, లంబాడీ కావచ్చు. తెలుగు సంతలోనూ ఆఫీసులోనూ పనికొస్తుంది.

పెద్దాయన మిమ్మల్ని ఇంటికి తీసుకుపోతాడు. "కూసో బిడ్డా" అని అవ్వ గోనెపట్టా పరిచి, చాయ్ పెట్టి, అడక్కముందే రేకు డబ్బా తెచ్చి మూత తీస్తుంది. ఇక్కడికి ఎవరొచ్చినా చివరికి అడిగేది ఆ డబ్బానే అని ఆమెకు తెలుసు. రెండు ఓటరు కార్డులు. రెండు రేషన్ కార్డులు. కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు కార్డులో ఇంటిపేరు ముందు, ఆమె పేరు వెనక. మరాఠీ కార్డులో ఆమె పేరు ముందు, మధ్యలో భర్త పేరు, ఇంటిపేరు చివర. ముక్కూ మొహమూ ఒకటే, మనిషి మాత్రం రెండు వరసల్లో ఉంది. ఆధార్ ఒక్కటే. ఏదో ఒక రాష్ట్రం చిరునామా ఎంచుకోక తప్పని కార్డు అదొక్కటే. ఇప్పుడు రేషన్, పింఛను అన్నీ దాంతోనే ముడి పెడుతున్నారు గనక రెండోవైపు వాటా ఎప్పుడు తెగుతుందోనని ఆమె దిగులు.

ఈ చిక్కుకు మూలం పాతది. నిజాం రోజుల్లో రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో భాగం. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు రాజురా బొంబాయి రాష్ట్రానికి పోయింది, ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. జివతి ఒకప్పుడు ఆ రాజురాలోదే. కొండ మీది ఈ గూడేలను మాత్రం ఇద్దరూ తమ దస్త్రాల్లో ఉంచుకున్నారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని, చింతచెట్టు దగ్గర మాట తెగక కాయలు ఇద్దరూ కోసుకున్నట్టు. కాకపోతే ఇక్కడ చెట్టుకు ఇద్దరూ నీళ్లు కూడా పోస్తున్నారు, ఆ మాట చెప్పాలి.

ఆ నీళ్ల సంగతి చూడండి. 2,016 రూపాయల ఆసరా పింఛను ఇటు, 1,500 రూపాయల నిరాధార్ పింఛను అటు. ఆడవాళ్లకు ఇటు బస్సు ఉచితం, అటు మహారాష్ట్ర ఆర్టీసీ బస్సులో సగం టికెట్టు. "రెండు చేతులా తింటున్నరు" అని కింది ఊళ్లవాళ్లు అనే మాట మీకూ వినిపిస్తుంది. నాకు ఆ మాట నచ్చదు. రేపు ఏ సర్కారు కాదంటుందో తెలియనివాడు రెండు కార్డులు దాచుకోవడం ఆశ కాదు, వాన నమ్మలేని రైతు రెండు పంటలు కలిపి చల్లుకోవడం లాంటిది.

ఓటు కథ మీకు ఎవరైనా చెబుతారు, నవ్వుతూ చెబుతారు. 2019 ఏప్రిల్ 11న ఆదిలాబాద్‌కూ చంద్రాపూర్‌కూ ఒకే రోజు లోక్‌సభ పోలింగ్. 2024లో చంద్రాపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న. రెండో పోలింగ్ నాటికి గోటి మీది సిరా ఇంకా పోనేలేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి ఒక్క నియోజకవర్గంలోనే ఓటరుగా ఉండాలి. చట్టం సరే. ఈ అవ్వ రెండు జాబితాల్లోకి తనంతట తాను ఎక్కలేదు, రెండు రాష్ట్రాల సిబ్బందీ ఇంటికొచ్చి రాసుకుపోయారు.

2025 జూలైలో మహారాష్ట్ర రెవెన్యూ మంత్రి చంద్రశేఖర్ బావన్‌కులే ఈ 14 ఊళ్లనూ మహారాష్ట్రలో కలుపుకుంటామని చెప్పారు. ఆ ముచ్చట తెస్తే పెద్దాయన నెగడులో పుల్ల ఎగదోస్తాడు. "కలపనియ్యి సారూ. ముందుగల పట్టా ఇయ్యమను."

అసలు సంగతి ఇదే. అన్నీ రెండేసి ఉన్న ఊళ్లో, చాలామందికి ఒకటి కూడా లేనిది పట్టా. సాగు చేసే నేలలో చాలా భాగం అడవి లెక్కలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీలైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపితే చాలు. మిగిలినవాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చేయాలి. ఈ ఊళ్లలో చాలా కుటుంబాలు 1970ల కరువులప్పుడు మరాఠ్వాడా నుంచి ఎక్కి వచ్చినవి. ఆ తేదీ నాటికి వాళ్లు దున్నింది ముప్పై అయిదేళ్లకు మించదు. మిగతా ఏళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? లంబాడా ఇంటి సంగతి ఇంకో తీరు. తెలంగాణలో వాళ్లు ఎస్టీ, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే చేను ఇటు లెక్కలో ఉంటే ఒక హక్కు, అటు లెక్కలో ఉంటే ఇంకొకటి.

జోడేఘాట్ కూడా ఈ కెరమెరి మండలమే. జల్, జంగల్, జమీన్ అంటూ తిరగబడిన కుమురం భీం 1940లో అక్కడే నేలకొరిగాడు. ఆయన పోరాడిందీ పన్నెండు గూడేల కోసమేనని చెప్పుకుంటారు. తర్వాత నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చలవతో ఎందరో గోండులకు పట్టాలు వచ్చాయి. ఈ గుట్ట మీదికి అవి చేరలేదు.

పట్టా లేకపోతే రైతుబంధు రాలేదు, పంట రుణం రాదు, రైతు చనిపోతే ఇంటికి వచ్చే 5 లక్షల బీమా రాదు. పత్తిని సర్కారు కొనుగోలు కేంద్రానికి తోలితే భూమి కాగితం అడుగుతారు. అందుకే సాయంత్రం అయిదింటికి ఊళ్లోకి వచ్చే డబ్బు, వ్యాపారి టెంపోలో వస్తుంది.

ఇదిగో వచ్చింది. దుమ్ము లేపుకుంటూ వచ్చి వేపచెట్టు కింద ఆగింది. పిల్లలు వెనక పరుగెత్తుతున్నారు, తెలుగు బడివాళ్లూ మరాఠీ బడివాళ్లూ కలిసే. అవ్వ గోనెసంచుల్లో పత్తి తొక్కి తెచ్చింది. కాటా కొక్కెం వేసి ఎత్తారు, ముల్లు ఊగింది. ఊగుతుండగానే వ్యాపారి ఒక అంకె చదివాడు. ఆమె ముల్లు ఆగేదాకా ఉండమంది. ఆగాక చదివింది మొదటిదానికంటే కిలోన్నర ఎక్కువ. వ్యాపారి ఏమీ అనలేదు, నోటు పుస్తకంలోంచి కాగితం చింపి, రాసి ఇచ్చాడు: సంచులు, కిలోలు, రేటు, మొత్తం. తేదీ వేయలేదు.

"తారీఖు ఎయ్యి" అంది అవ్వ.

వేశాడు. ఆమె చీటీని రెండు మడతలు పెట్టి, ఇంట్లోకి పోయి, రేకు డబ్బా మూత తీసి ఆ కార్డుల మీద పెట్టింది. ఆమె చేను నుంచి పంట వచ్చినట్టు రాతపూర్వకంగా ఉన్నది అదొక్కటే. పోయినేడాది చీటీ కూడా లోపల కనిపిస్తుంది, అంచులు పచ్చబడి.